బారాత్ ఆగదు

ఆ కీబోర్డు నా కోసం కొన్నది కాదు. లాక్‌డౌన్‌లో స్కూలు మొత్తం ఫోన్‌లోకి దూరినప్పుడు, ఇంట్లో కూర్చుని మా బేటీ విసిగిపోతోందని తెప్పించాం. అరవై ఒక్క మెట్లు, పన్నెండు వేల రూపాయలు. నాలుగు నెలలు ఆన్‌లైన్ క్లాసులు విన్నది. స్కూళ్లు తెరవగానే పిల్లకి బ్యాడ్మింటన్ షౌక్ పట్టింది. పెట్టె మంచం కిందికి పోయింది. రెండేళ్లు అక్కడే దుమ్ము తిన్నది.

దాన్ని బయటికి తీయించింది ఒక మౌత్ ఖబర్. నేను చేసేది తెలుగు పత్రిక డెస్క్‌లో రాత్రి డ్యూటీ. 2023 రంజాన్ ఆఖరి అష్రా నడుస్తోంది. ఏజెన్సీ నుంచి వచ్చిన వార్తల గుట్టలో ఒక పేరు దగ్గర నా చెయ్యి ఆగింది. అహ్మద్ జమాల్, అమెరికన్ జాజ్ పియానిస్టు, ఏప్రిల్ 16న ఇంతెఖాల్, వయసు 92. మన పేరు, వాళ్ల పియానో. 1930లో పిట్స్‌బర్గ్‌లో ఫ్రెడరిక్ రసెల్ జోన్స్‌గా పుట్టి, ఇరవై ఏళ్లప్పుడు ఇస్లాంలోకి వచ్చి పేరు మార్చుకున్నాడట. ఆరు లైన్లు తెలుగు చేసి పెట్టాను. పేజీలో జాగా లేక ఆ ఆరు లైన్లూ ఎగిరిపోయాయి. డెస్క్‌లో ఇది రోజూ జరిగేదే, ఎవరి మీదా గిలా లేదు. కానీ ఆ రాత్రి మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. మన జనాజాకి మనమే వెళ్లలేకపోయినట్టు.

రంజాన్ కదా అని అప్పుడు వినలేదు. ఈద్ అయిన మూడో రోజు, పొద్దున రెండింటికి ఇంటికొచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆయన 1958లో చికాగోలోని పర్షింగ్ హోటల్లో రికార్డు చేసిన ఆల్బమ్ విన్నాను. అమ్మకాల జాబితాలో రెండేళ్లకు పైగా నిలిచిన రికార్డు అది. జాజ్ అంటే నా ఖయాల్‌లో గోల. పది మంది పది రకాలుగా ఊదేది. ఇక్కడ చూస్తే ముగ్గురే. పియానో, బాస్, డ్రమ్స్. అందులోనూ పియానో ఆయన చాలాసేపు వాయించనే వాయించడు. రెండు మాటలు చెప్పి ఊరుకుంటాడు. డ్రమ్ము నడుస్తుంటుంది, బాస్ నడుస్తుంటుంది, ఆయన ఖామోష్. ఇంకేదో అంటాడని మనం చెవి ముందుకు పెడతాం. అప్పుడు ఒక్క చిన్న ముక్క అంటాడు. సుభానల్లాహ్ అని నోట్లోంచి వచ్చేసింది. పక్కన బేగం లేచి, "క్యా హువా?" అని అడిగింది.

మర్నాడు మంచం కింద నుంచి పెట్టె లాగాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇంతకుముందు ఎక్కడా రాయనిది. మా అబ్బా క్లారినెట్ వాయించేవారు. కచేరీల్లో కాదు, నల్లగొండలో పెళ్లి బ్యాండులో. ఎర్ర కోటు, భుజాల మీద జరీ పట్టీలు, తల మీద తురాయి టోపీ. ముప్పై ఏళ్లు ఊదారు. హిందువుల పెళ్లి, మన పెళ్లి, గణేశుడి ఊరేగింపు, ఎమ్మెల్యే గెలుపు, అన్నీ. రాత్రి రెండింటికి ఇంటికొచ్చి, వాయిద్యం ముక్కలు ముక్కలు విప్పి, మల్‌మల్ గుడ్డతో తుడిచి, పెట్టెలో పెట్టి, అప్పుడు అన్నం అడిగేవారు. మా నలుగురు పిల్లల్నీ ఆ పెట్టె ముట్టుకోనివ్వలేదు. "తుమ్ పఢో" అనే వారు. అంతే.

నేను ఏడో జమాత్‌లో ఉండగా స్కాలర్‌షిప్ ఫారం ఇచ్చారు. ఉర్దూ మీడియం స్కూలు, ఫారం కూడా ఉర్దూలోనే. అందులో ఒక ఖానా: వాలిద్ కా పేషా. నా చేత్తో నేనే నింపాను. 'తిజారత్' అని రాశాను. వ్యాపారం. క్లాసులో పక్కవాడి వాలిద్‌కి చెప్పుల దుకాణం ఉండేది, వాడు అలా రాస్తే చూసి రాశాను. అబ్బా ఐదో తరగతి దాకా చదువుకున్నారు, ఉర్దూ బాగా చదివేవారు. ఫారం చేతికి తీసుకుని మొత్తం చదివారు. పెన్ను క్యాప్ తీసి, కింద దస్తఖత్ పెట్టి, ఫారం నాకిచ్చారు. ఒక్క మాట కూడా అనలేదు.

తర్వాత మా భాయీజాన్ జెద్దా వెళ్లారు. ఇల్లు కట్టించారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశారు. 2004లో సెలవు మీద వచ్చినప్పుడు, "బస్ అబ్బా, ఇక చాలు, మౌసీఖీ రోజీ మనకొద్దు" అన్నారు. అబ్బా తన క్లారినెట్‌ని బ్యాండులోని ఒక కుర్రాడికి ఇచ్చేశారు. అమ్మలేదు, ఇచ్చేశారు. భాయీజాన్‌ని నేను ఇక్కడ తప్పు పట్టడం లేదు. సంగీతం మీద ఉలమాల్లోనే ఇఖ్తిలాఫ్ ఉంది, నేను ఆలిమ్‌ని కాను. ఆయన సంపాదన మీద మేమంతా నిలబడ్డాం. ఇవాళ్టికీ అబ్బా ఉండేది ఆయన దగ్గరే, మందులూ ఆయనవే. నేను చెప్పేది ఒక్కటే. ఆ రోజు నేను అక్కడే కూర్చుని ఉన్నాను. లోపల ఎక్కడో నాకు హాయిగా అనిపించింది.

సరే, పెట్టె దగ్గరికి వద్దాం.

ఆరు నెలలు యూట్యూబ్ చూసి నాకు నేనే నేర్చుకున్నాను. అంటే రట్టా కొట్టాను. ఏ వేలు ఏ మెట్టు మీదో కాగితం మీద రాసుకుని, అదే వరుసలో నొక్కడం. అరవై సెకన్ల ముక్క ఒకటి నోటికి వచ్చింది, చేతికి వచ్చింది అనాలేమో. ఖుష్ అయిపోయి ఒక దోస్త్‌కి వినిపిస్తే, ఆయన నన్ను సికింద్రాబాద్‌లో తనకు తెలిసిన పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాడు. లాలాగూడలో ఉంటారు, రైల్వేలో రిటైరైన ఆంగ్లో ఇండియన్, వయసులో ఉన్నప్పుడు క్లబ్బుల్లో వాయించినవారు. ఇంట్లో పాత పియానో ఉంది, దాని నాలుగు మెట్లు పలకవు. ఆయనకది లెక్కలేదు. పలకని మెట్టు దగ్గర నోటితో అంటారు.

నా ముక్క వాయించాను. మధ్యలో ఒక చోట తప్పింది. ఆగి, రెండు మెట్లు వెనక్కి వెళ్లి, సరిదిద్దుకుని, మళ్లీ మొదలుపెట్టాను. ఉస్తాద్ నా మణికట్టు పట్టుకున్నారు. "పీఛే నక్కో జావ్, మ్యాన్. బ్యాండ్ ఆగే నికల్ గయా."

వెనక్కి వెళ్లకు, బ్యాండు ముందుకు వెళ్లిపోయింది. ఆయనకు మా అబ్బా సంగతి తెలీదు. నా చెవులు వేడెక్కాయి.

వెనక్కి వెళ్లడం నా పుట్టుకలో ఉంది. ఉర్దూ మీడియంలో పదో తరగతి చదివి, డిగ్రీలో స్పెషల్ తెలుగు తీసుకున్నవాణ్ని. అందరూ ఎందుకన్నారు. భాష మీద ఇష్టం, ఇంకేం చెప్పను. క్లాసులో నిలబడి పద్యం చదివితే 'కళ' అనాల్సిన చోట 'కల' అనేవాణ్ని. వెనక బెంచీల్లో నవ్వు. అప్పటి నుంచి ఏ వాక్యమైనా లోపల ఒకసారి అనుకుని, సరి చూసుకుని, అప్పుడు బయటికి అనే అలవాటు పడింది. డెస్క్‌లో ఆ అలవాటే అన్నం పెట్టింది. నా పేజీలో తప్పు దొరకడం కష్టమని పేరు. మరి ఇప్పుడు ఈ పెద్దాయన, ముందు అను, తర్వాత చూసుకుందాం అంటున్నారు.

ఆయన మొదటి సబఖ్ బ్లూస్. జాజ్ గీజ్ తర్వాత, ముందు పన్నెండు బార్ల బ్లూస్ చేతికి రావాలన్నారు. పరేషాన్ కాకండి, ఇది చెప్పుకుంటే తేలిక. బార్ అంటే నాలుగు దెబ్బల గది. అలాంటి పన్నెండు గదుల ఇల్లు. సి మీద మొదలుపెడితే, నాలుగు గదులు సి లో కూర్చోవాలి. రెండు గదులు ఎఫ్ లోకి వెళ్లి రావాలి. మళ్లీ రెండు గదులు సి. ఆ తర్వాత ఒక గది జి, ఒక గది ఎఫ్, చివరి రెండూ ఇంటికి, అంటే సి కి. అయిపోతే మళ్లీ మొదటి గది. రాత్రంతా తిరగొచ్చు. లక్షల పాటలు ఈ ఇంట్లోనే పుట్టాయి.

ఎడమ చేతికి రెండే వేళ్లు చాలన్నారు. సి సెవెన్ అనే స్వరకట్టులో నాలుగు స్వరాలుంటాయి. అన్నీ నొక్కకు, ఇ, బి ఫ్లాట్ రెండే పట్టుకో. ఎఫ్ కి వెళ్లాలంటే ఆ రెండు వేళ్లనూ పక్క మెట్టు మీదికి, ఒక్క అర స్వరం కిందికి దించు. జి కి వెళ్లాలంటే అదే చోటు నుంచి ఒక్క అర స్వరం పైకి ఎక్కించు. ఇంతే. నేను నమ్మలేదు. చేసి చూశాను. రెండు వేళ్లు అటో మెట్టు ఇటో మెట్టు జరిగితే ఇల్లంతా తిరిగేశాను! ఆ రోజు ఆటోలో ఇంటికొస్తూ మోకాలి మీద రెండు వేళ్లు పెట్టి దించడం, ఎక్కించడం. ఆటో భాయ్ అద్దంలో చూస్తున్నాడు.

తాళం మాత్రం నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. బ్లూస్‌లో ఒక్కో దెబ్బనీ మూడు ముక్కలు చేసి, మొదటి రెండు ముక్కలు కలిపి లాగి, మూడోదాన్ని చిన్నగా అంటారు. షఫుల్ అంటారు. గోరోళ్ల పిల్లలు దీన్ని కాగితం మీద లెక్కపెట్టి నేర్చుకుంటారట. తీన్‌మార్‌కి ఎగిరి పెరిగిన కాలికి లెక్క ఎందుకు? ఉస్తాద్ నా పాదం చూసి, "యే కహాఁ సీఖా?" అన్నారు. బారాత్‌లో అని చెప్పాను. అబ్బా గురించి అప్పుడు కూడా చెప్పలేదు.

కుడి చెయ్యి దగ్గరే అసలు కష్టం. ఎడమ చెయ్యి ఇల్లు కడుతుంటే, కుడి చెయ్యి అందులో అప్పటికప్పుడు ఏదో మాట్లాడాలి. రాసిపెట్టిన పాట లేదు. సి, ఇ ఫ్లాట్, ఎఫ్, ఎఫ్ షార్ప్, జి, బి ఫ్లాట్, ఈ ఆరు స్వరాలిచ్చి, బోల్ మ్యాన్, అన్నారు. నాకు మాట రాలేదు. ఆరు స్వరాలనూ పైకీ కిందికీ మెట్లెక్కి దిగినట్టు వాయించాను. ఆయన తల అడ్డంగా ఊపి, మూడు తీసేసి, మూడే ఉంచారు. వారం పాటు ఆ మూడింటితోనే మాట్లాడమన్నారు. పిల్లలు అలిఫ్, బే, తే దగ్గరే కూర్చున్నట్టు ఒక వారం కూర్చున్నాను. బేగం రెండో రోజే, "ఎవరో తలుపు కొడుతున్నట్టుంది" అంది.

మాట ఎలా వచ్చిందో చెప్తాను. ఒక రాత్రి పాత బ్లూస్ పాటలు వింటున్నాను. పన్నెండు గదుల్లో పాట మూడు లైన్లుగా పడుతుంది. మొదటి లైను అంటాడు. రెండో లైను, మళ్లీ అదే అంటాడు, కింద స్వరకట్టు మాత్రం మారి ఉంటుంది. మూడో లైనులో జవాబు. ఒకే మాట రెండుసార్లు ఎందుకంటున్నాడు అని ఆలోచిస్తుంటే, నా చెవిలో ముషాయిరా మోగింది. చిన్నప్పుడు నల్లగొండలో అబ్బా వెంట ముషాయిరాలకు వెళ్లేవాణ్ని. శాయర్ మొదటి మిస్రా అంటాడు. జనం, "ఇర్షాద్, ముకర్రర్!" శాయర్ అదే మిస్రా మళ్లీ అంటాడు, ఈసారి కొంచెం వేరే ఎత్తులో, వేరే మాట మీద బరువు పెట్టి. జనం ఊపిరి బిగబడతారు. అప్పుడు వదుల్తాడు రెండో మిస్రా. వాహ్! టోపీలు ఎగిరేవి. ఇది అదే కదా! ఒకరిది మిసిసిపీ పత్తి చేలు, ఒకరిది దక్కన్, ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కానీ వినేవాణ్ని ఎలా కూర్చోబెట్టాలో ఇద్దరికీ తెలుసు.

మర్నాడు మూడు స్వరాలతో ఒక మిస్రా అన్నాను. అదే మళ్లీ అన్నాను. ఆగాను. జవాబు దానంతటదే వచ్చింది. చిన్నదే, పిల్లాడి మాటలాంటిదే, కానీ అది నేను ఎక్కడా చదివింది కాదు, ఎవరి దగ్గరా దించుకుంది కాదు.

డిగ్రీలో గణాలు బట్టీ పట్టినప్పుడు ఎందుకీ ఖైదు అనుకునేవాణ్ని. ఉత్పలమాలకి ఇన్ని గణాలు, పదో అక్షరం యతి, రెండో అక్షరం ప్రాస. అదే ఖైదులో కూర్చుని అవధాని అప్పటికప్పుడు పద్యం చెప్తుంటే నోరు తెరుచుకుని విన్నాను. మన వైపు ఫిల్‌బదీహ్ షేర్ చెప్పేవాళ్లూ అంతే, బహర్ దాటరు. జాజ్‌లో అప్పటికప్పుడు అల్లడమంటే ఏది తోస్తే అది కొట్టడం అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. పన్నెండు గదులు దాటి పదమూడో గది కట్టావంటే పక్కన బాస్ వాయించేవాడు నీ మొహం చూస్తాడు. ఎవరి ఇల్లు వాళ్లకి ముందే తెలిసి ఉండటం వల్లే అందులో షికారు.

ఇంకో సంగతి. ఆ ఆరు స్వరాల్లో ఎఫ్ షార్ప్ తీసేస్తే మిగిలిన ఐదూ మనవాళ్ల శుద్ధ ధన్యాసి, హిందుస్తానీలో ధానీ. ఇది కనిపెట్టి గర్వంగా ఉస్తాద్‌కి చెప్పాను. ఆయన పెదవి విరిచారు. మెట్లు అవే కావొచ్చు, గొడవ వేరు అన్నారు. కుడి చెయ్యి ఇ ఫ్లాట్ అంటుంటే, ఎడమ చెయ్యి కింద ఇ పట్టుకుని కూర్చుంటుంది. ఒకదానితో ఒకటి పడవు. ఆ పడకపోవడమే బ్లూస్ అన్నారు. అసలు పాడేవాడి గొంతులో ఉండే స్వరం ఆ రెండింటికీ నడుమ ఎక్కడో ఉంటుంది. గొంతు అక్కడికి జారుతుంది, గిటార్ తీగ లాగితే వస్తుంది. పియానోలో ఆ మధ్యన మెట్టే లేదు. అందుకే నల్ల మెట్టు మీద వేలు పెట్టి, వెంటనే తెల్ల మెట్టు మీదికి జార్చి, చెవిని మోసం చేస్తారు. మన హార్మోనియం మీద ఉన్న ఫిర్యాదూ ఇదే. మీండ్ రాదు, గమకం రాదు అని 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్నే బంద్ పెట్టింది, దాదాపు మూడు దశాబ్దాలు. ఖవ్వాల్‌లు మాత్రం వదల్లేదు.

క్లారినెట్‌కి ఆ ఖైదు లేదు. పెదవి వదులు చేస్తే స్వరం జారుతుంది. అబ్బా బిదాయీ పాట ఊదేటప్పుడు, పెళ్లికూతురు కారెక్కే వేళ, ఒక స్వరాన్ని పట్టుకుని కిందికి జార్చేవారు. ఆడవాళ్లు కొంగు నోట్లో పెట్టుకునేవారు. నలభై మూడేళ్ల మీద నేను డబ్బులిచ్చి, రెండు బస్సులు మారి వెళ్లి నేర్చుకుంటున్నది, మా ఇంట్లో మల్‌మల్ గుడ్డలో చుట్టి ఉండేది.

బ్లూస్ పుట్టిన చోట కూడా ఈ తగువు ఇలాగే నడిచింది. డబ్ల్యూ.సి. హ్యాండీ అని, బ్లూస్‌ని కాగితం మీద పెట్టి 1912 నుంచి అచ్చు వేసినాయన. ఆయన వాలిద్ అలబామాలో పాదిరీ. పిల్లాడు పైసా పైసా కూడబెట్టి గిటార్ కొనుక్కొస్తే, షైతాన్ వస్తువు ఇంట్లోకి తెస్తావా అని వెనక్కి పంపి, దాని బదులు డిక్షనరీ తెప్పించాడట. ఇది హ్యాండీ తన ఆత్మకథలో రాసుకున్నదే. చదివి పగలబడి నవ్వాను. మా భాయీజాన్ ఒక్కరే అనుకున్నాను, చర్చిలోనూ ఉన్నారన్నమాట.

మన వాళ్లకి ఈ సంగీతంతో ఉన్న సంబంధం గురించి కూడా చదివాను. బానిసలుగా పట్టుకెళ్లిన పశ్చిమ ఆఫ్రికా వాళ్లలో ముస్లింలు తక్కువేం కాదు. ఉమర్ ఇబ్న్ సయీద్ అనే ఆయన అక్కడ బానిసగా ఉంటూనే 1831లో తన కథను అరబీలో రాశాడు. పొలాల్లో కూలీలు గొంతెత్తి లాగే కేకల్లో అజాన్ నీడ ఉందని సిల్వియాన్ డియూఫ్ అనే చరిత్రకారిణి అంటుంది, రెండూ పక్కపక్కన వినిపిస్తుంది. అంత దూరం లాగలేమనే వాళ్లూ ఉన్నారు. విలేకరిని కాబట్టి రెండూ రాస్తున్నాను. నాకు మాత్రం దీన్ని ఢాలుగా వాడుకోవడం ఇష్టం లేదు. అజాన్‌తో చుట్టరికం కలిపితే తప్ప ఒక సంగీతానికి ఇజ్జత్ లేదా? ఒక ముచ్చట మాత్రం భాయీజాన్‌కి ఫోన్లో చెప్పాను. అహ్మద్ జమాల్ చికాగోలో సొంతంగా ఒక మ్యూజిక్ క్లబ్ పెట్టాడు, పేరు అల్‌హంబ్రా, అందులో శరాబ్ అమ్మలేదు. భాయీజాన్ కాసేపు ఆగి, "చలా క్యా?" అన్నారు. నడిచిందా అని. ఎక్కువ రోజులు నడవలేదని చెప్పాను. "హూఁ" అన్నారు. అందులో జాలి ఉందో, నేను చెప్పలేదా అన్నదో, ఇప్పటికీ తేలలేదు.

ఇంట్లో నా ఉసూల్ నేను పెట్టుకున్నాను. అజాన్ వేళ ముట్టుకోను, రంజాన్‌లో మూసేస్తాను, రాత్రి హెడ్‌ఫోన్సే. బేగం మొదట్లో, "ఈ ఉమర్‌లో ఇదేం షౌక్" అనేది. ఇప్పుడు వంటింట్లోంచే, "ఆ మూడో లైను నిన్నటిదే వాయిస్తున్నారు" అంటోంది. మా బేటీ ఇంకా జాలిం. "అబ్బూ, మీరు తప్పు చేసినప్పుడు మొహం చిట్లిస్తారు. చిట్లించకపోతే ఎవరికీ తెలీదు" అంది.

అది నిజం. తప్పు గురించి ఉస్తాద్ చెప్పిన ఖిస్సా ఒకటి. హెర్బీ హాంకాక్ అనే పియానిస్టు కుర్రవాడిగా మైల్స్ డేవిస్ బ్యాండులో ఉన్నప్పుడు, 1960లలో యూరప్ కచేరీలో, మైల్స్ ఊదుతుండగా పూర్తిగా తప్పు కట్టు కొట్టేశాడట. మైల్స్ ఒక్క క్షణం ఆగి, ఆ తప్పు కట్టుని ఒప్పు చేసే స్వరాలు ఊదాడు. హాంకాక్ దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటాడు. నా తంటా ఏమిటంటే నాకు మైల్స్ లేడు, నా తప్పుకి నేనే జవాబు వెతుక్కోవాలి. ఆర్నెల్లకి ఒకటి తెలిసింది. తప్పు మెట్టు మీద వేలు పడితే భయపడి ఎత్తేయకూడదు. ఒప్పు మెట్టు చాలాసార్లు పక్కనే ఉంటుంది. జారితే చాలు.

ఈ ఏడాది ఈద్ తర్వాత ఒక రాత్రి పన్నెండు బార్లు మూడు చుట్లు వాయించి ఫోన్లో రికార్డు చేశాను. రెండో చుట్టులో ఒక తప్పు పడింది. తుడిచేయలేదు. అబ్బా వాట్సాప్‌కి పంపాను. పంపాక గుండె దడ. భాయీజాన్ ఇల్లు అది. ఎవరైనా పక్కనుంటే, స్పీకర్ మీద మోగితే? ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో అబ్బా నోటి నుంచి ఒక ఈల కూడా ఎవరూ వినలేదు. డిలీట్ చేద్దామని చూసేసరికి రెండు నీలం టిక్కులు.

రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు ఫజ్ర్ అయ్యాక ఫోన్ వచ్చింది. వెనక పావురాల చప్పుడు. మిద్దె మీద ఉన్నారు.

సలాం అయింది, షుగర్ సంగతి అయింది. అప్పుడు అన్నారు, "బాయాఁ హాత్ జల్దీ కర్‌రా." ఎడమ చెయ్యి తొందర పడుతోందట.

"జీ అబ్బా."

"బారాత్ నై రుక్తీ, లేకిన్ దౌడ్తీ బీ నై." ఆగదు, పరిగెత్తదు కూడా. తర్వాత, "బీచ్ మే ఏక్ గలత్ పడా నా? తూ ఉస్కో ఫిర్ సే మారా. అచ్ఛా కియా. హమ్ బీ వైసీచ్ కర్తే థే." తప్పు పడ్డ స్వరాన్ని ఇంకోసారి ఊదేస్తే జనం దాన్ని హర్కత్ అనుకునేవారని, ఒకసారి సూర్యాపేటలో అలా పడిన తప్పుకే పెళ్లికొడుకు మామ యాభై రూపాయలు విసిరాడని చెప్పి నవ్వారు. దగ్గొచ్చింది. తగ్గేదాకా ఆగాను.

"అబ్బా, ఏడో జమాత్‌లో ఒక ఫారం..." అని మొదలుపెట్టాను. ఎందుకు నోట్లోంచి వచ్చిందో తెలీదు. లోపల ఒకసారి అనుకుని సరిచూసుకున్న మాట కాదు.

"హౌ," అన్నారు. "తిజారత్."

నేనేం అనలేకపోయాను. పావురాలు అలాగే చప్పుడు చేస్తున్నాయి.

"గలత్ క్యా హై రే ఉస్ మే? సాంస్ బేచే, పేట్ పాలే." ఊపిరి అమ్మాం, పొట్ట పోసుకున్నాం. కోపం లేదు గొంతులో. లెక్క చెప్పినట్టు చెప్పారు. మళ్లీ ఎడమ చెయ్యి దగ్గరికే వచ్చారు. ధీమాగా పెట్టు, కాలు ముందు నడవాలి, చెయ్యి వెనక రావాలి, గడియారం పెట్టుకుని వారం రోజులు ఒక్క ఎడమ చెయ్యే చెయ్యి అన్నారు. కింద నుంచి ఎవరో పిలిచారు, చాయ్ తయారైందని కాబోలు. ఆతూఁ అని కేకేసి, ఫోన్ పెట్టేయబోయి ఆగారు.

"ఓ పేటీ కిత్తే కీ ఆయీ?"

పన్నెండు వేలు అని చెప్పాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఇత్తే మే తో క్లారినెట్ ఆజాతా నా రే?" అన్నారు.